గాలి పట్టిన ట్రాక్టరు

ట్యాంకులో డీజిలున్నది. బ్యాటరీ బాగానే ఉన్నది. సెల్ఫు నొక్కితే ఇంజను గిరగిరా తిరుగుతూనే ఉన్నది. కాని అందుకోదు. నిన్న సాయంత్రం దాకా ఎకరాలకు ఎకరాలు దున్నిపారేసిన బండి, ఇవాళ పొద్దున గట్టు పక్కన మొండి ఎద్దులా నిలబడిపోయింది. ఎద్దయితే అదిలించవచ్చును, తోక మెలిపెట్టవచ్చును. ట్రాక్టరును ఏం చేస్తాం?

పాత డీజిలు ట్రాక్టరున్న ఏ ఇంట్లో అడిగినా ఇటువంటి కథ ఒకటి చెబుతారు. అది జరిగే రోజు కూడా, చూశారూ, తొలకరి పడి నేల పదునెక్కిన రోజో, కాలువకు నీళ్లు వదిలి ఊరంతా దమ్ముకు దిగిన రోజో అయి ఉంటుంది. గ్రహచారం అనుకుంటారు గాని, ఇందులో గ్రహాల ప్రమేయం ఏమీ లేదు. బండి రాత్రింబగళ్లు తిరిగేది ఆ రోజుల్లోనే. ట్యాంకు అడుగంటిన సంగతి ఎవరూ చూసుకోనిదీ ఆ రోజుల్లోనే. డీజిలు అయిపోయి ఆగిన బండికి మళ్లీ డీజిలు పోసినంత మాత్రాన ప్రాణం రాదు. డీజిలు ఖాళీ చేసి వెళ్లిన గొట్టాల్లోకి ఈలోగా మరొకరు వచ్చి కాపురం పెట్టారు. ఆ వచ్చినది గాలి.

మెకానిక్కులు దీన్ని రెండు మాటల్లో తేల్చేస్తారు: "ఎయిర్ పట్టిందండీ!" తెలుగు పాఠాలు చెప్పుకునేవాణ్ణి కనుక నాకు ఈ మాట దగ్గర కాస్త ఆగాలనిపిస్తుంది. మన పల్లెల్లో "గాలి సోకింది" అంటే మనిషికి ఏదో పట్టిందని అర్థం. వేపమండలు తేవాలి, విభూతి పెట్టాలి, పట్టినదాన్ని వదిలించాలి. ఇంగ్లీషువాడు ఇదే పనికి "బ్లీడింగ్" అని పేరు పెట్టాడు. అంటే రక్తం తీయడం. పూర్వం వాళ్ల వైద్యులు అనేక రోగాలకు నరం కోసి రక్తం వదిలేవారు. మన సుశ్రుతుడు కూడా జలగలతో రక్తమోక్షణం చెప్పాడనుకోండి. మొత్తానికి వాళ్ల మెకానిక్కు వైద్యుడైనాడు, మన మెకానిక్కు భూతవైద్యుడైనాడు. నన్నడిగితే మన మాటే అతికినట్టున్నది. ఇంజనులో ఎక్కువైనది నెత్తురు కాదు గదా! బయటి నుంచి వచ్చి పట్టినది, కంటికి కనిపించనిది, వెళ్లగొడితే గాని పోనిది.

పట్నంలో స్కూటర్ల మీద తిరిగేవారికి ఒక సందేహం రావచ్చును. బండిలో పెట్రోలు అయిపోతే సీసాతో తెచ్చి పోసుకుంటాం, నాలుగు తన్నులు తన్నితే అందుకుంటుంది. ట్రాక్టరుకు మాత్రం ఈ తంటా దేనికి? భేదమంతా నిప్పు అంటుకునే పద్ధతిలో ఉన్నది. డీజిలు ఇంజనులో నిప్పురవ్వ పుట్టించే ప్లగ్గు ఉండదు. సిలిండరులోకి వచ్చిన గాలిని పిస్టను పదహారో పదిహేడో వంతుల్లో ఒక వంతుకు అదిమేస్తుంది. ఆ అదుముడుకు గాలి 500 డిగ్రీలు దాటి కాగుతుంది. సరిగ్గా ఆ క్షణంలో నాజిలు నుంచి డీజిలు పొగమంచులా చిమ్మితే దానంతటదే భగ్గుమంటుంది. అంత ఒత్తిడిలో ఉన్న గాలిలోకి డీజిలును చిమ్మాలంటే దాని వెనక ఇంకెంత ఒత్తిడి ఉండాలో ఊహించండి. పాత మూడు సిలిండర్ల పెర్కిన్స్ ఇంజనులో నాజిలు తలుపు తెరుచుకోవాలంటే మామూలు గాలి ఒత్తిడికి సుమారు 170 రెట్లు కావాలి.

ఇప్పుడు ఒక చిన్న లెక్క. ముప్పై అయిదు గుర్రాల ట్రాక్టరు నిండు బరువు మీద గంటకు ఎనిమిది, తొమ్మిది లీటర్ల డీజిలు తాగుతుందనుకోండి. ఇంజను నిమిషానికి 2,000 చుట్లు తిరిగితే ఒక్కొక్క సిలిండరులోకి నిమిషానికి 1,000 సార్లు డీజిలు చిమ్మాలి. భాగారించి చూస్తే ఒక్కసారికి వచ్చేది ఎంత? ఒక్క చుక్క. మందు సీసాలోంచి పిల్లల నోట్లో వేస్తామే, అంత చుక్క. ఇక మిరియపు గింజంత గాలిబుడగ ఒకటి పంపులో చేరిందంటే అది ఆ చుక్కంత చోటును ఆక్రమించినట్టే.

డీజిలును నొక్కితే నలగదు. నొక్కిన బలాన్ని నొక్కినట్టే అవతలికి అందిస్తుంది. గాలి అటువంటిది కాదు. నొక్కితే ఒదుగుతుంది, వదిలితే మళ్లీ విచ్చుకుంటుంది. రాబర్ట్ బాయిల్ 1660లో గాలి గురించి రాసిన పుస్తకానికి పేరు పెట్టడంలోనే దాన్ని స్ప్రింగుతో పోల్చాడు. పంపులోని ప్లంజరు తన బలమంతా పెట్టి తోస్తే ఆ బుడగ చిన్నదవుతుంది, వెనక్కు వెళ్లగానే మళ్లీ పెద్దదవుతుంది. నాజిలు దాకా ఒత్తిడి చేరనే చేరదు. పంపు తన పని తాను చేస్తూనే ఉంటుంది; డీజిలు గొట్టంలోనే ఉంటుంది; ఇంజను మాత్రం అందుకోదు. బలమున్నా చేతికందని పని అంటే ఇదే మరి.

ఇందులో ఒక చమత్కారమున్నది. ఈ ఇంజనును కనిపెట్టిన రుడాల్ఫ్ డీజిల్ 1897లో జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌లో తన ఇంజనును జయప్రదంగా నడిపి చూపినప్పుడు, ఇంధనాన్ని సిలిండరులోకి ఊదింది గాలే! బాగా అదిమిన గాలిని ఒక కంప్రెసరుతో తయారుచేసి, దాని సాయంతో ఇంధనాన్ని లోపలికి చిమ్మేవారు. ఆ కంప్రెసరు పెద్దది, బరువైనది. ఓడల్లోనూ కర్మాగారాల్లోనూ పెట్టుకోవచ్చును గాని పొలంలోకి తీసుకుపోలేరు. గాలి సాయం లేకుండా ఒట్టి ఇంధనాన్నే చిమ్మే పంపులు వచ్చి, 1927లో జర్మనీలో బాష్ కంపెనీ వాటిని పెద్ద ఎత్తున తయారుచేయడం మొదలుపెట్టిన తర్వాతనే డీజిలు ఇంజను లారీల్లోకీ ట్రాక్టర్లలోకీ విరివిగా వచ్చింది. పాపం, డీజిల్ అది చూడలేదు. 1913లో ఇంగ్లండుకు పోతూ ఓడలోంచి మాయమైనాడు. ఆయన కాలంలో డీజిలుకు వాహనంగా ఉన్న గాలి, ఆ తర్వాత శత్రువైంది.

ఇక మందు సంగతికి వద్దాము. ట్రాక్టర్లన్నీ ఒక్క తీరుగా ఉండవు కనుక, మన వైపు చాలామందికి తెలిసిన ఒక బండిని తీసుకుని చెబుతాను. 1960లో మద్రాసులో స్థాపించిన టాఫే కంపెనీ మాసీ ఫెర్గూసన్ ట్రాక్టర్లను మన దేశంలో తయారుచేసింది. వాటికి పెద్దన్న లాంటిది, సీమలో పుట్టిన మాసీ ఫెర్గూసన్ 35. 1959 నుంచి దానికి పెర్కిన్స్ వారి మూడు సిలిండర్ల ఇంజను, సి.ఎ.వి. వారి డి.పి.ఎ. రకం పంపు పెట్టారు. ఆ బండిలో డీజిలు నడిచే దారి తెలిస్తే గాలి తీసే దారి కూడా తెలిసినట్టే.

డీజిలు ట్యాంకు నుంచి కుళాయి గుండా దిగి, ఇంజను పక్కన ఉన్న చిన్న పంపులోకి వస్తుంది. దానికి చేత్తో ఆడించే మీట ఒకటి ఉంటుంది. అక్కడి నుంచి ఫిల్టర్లలోకి, ఫిల్టర్ల నుంచి పెద్ద పంపులోకి, పెద్ద పంపు నుంచి సన్నని ఉక్కు గొట్టాల ద్వారా నాజిళ్లకు. గాలిని తరిమేది కూడా ఈ వరసలోనే. ముందు ఫిల్టరు, తర్వాత పెద్ద పంపు, ఆఖరున నాజిళ్లు. వరస తప్పితే వెనక మిగిలిన గాలి మళ్లీ ముందుకు వస్తుంది. చేసిన పనంతా వృథా. ఇల్లు ఊడ్చేవారు లోపలి గదిలో మొదలుపెట్టి వీధి గుమ్మం దాకా వస్తారు గాని, వీధిలోంచి వంటింట్లోకి ఊడ్చుకుపోరు గదా!

మొదట బండి న్యూట్రల్‌లో ఉన్నదీ లేనిదీ, బ్రేకు వేసి ఉన్నదీ లేనిదీ చూడాలి. ట్యాంకులో సగమైనా డీజిలు పోసి కుళాయి తెరవాలి. ఇంజను ఆపే నాబు లోపలికి నొక్కి ఉండాలి. అది లాగి ఉండగా గంటల తరబడి సెల్ఫు కొట్టినవారు ఊరికొకరుంటారు. తర్వాత ఫిల్టర్ల చుట్టూ, పంపు చుట్టూ పేరుకున్న మట్టిని పాతగుడ్డతో శుభ్రంగా తుడవాలి. ఇది అందం కోసం కాదు. ఆ పంపులో భాగాలు ఒకదానిలో ఒకటి వెంట్రుక కూడా దూరనంత బిగుతుగా కూర్చుంటాయి. ఒక్క ఇసుక రేణువు చాలు, వేలకు వేలు ఖర్చు తెస్తుంది.

అప్పుడు ఫిల్టరు పైనున్న గాలి మరను రెండు మూడు చుట్లు వదులు చేసి, చిన్న పంపు మీటను ఆడించాలి. మొదట సుయ్‌మని గాలి వస్తుంది. తర్వాత సబ్బునీళ్లలా నురగ. తర్వాత బుడగలు బుడగలుగా డీజిలు. ఆఖరున ఒక్క బుడగ కూడా లేని నిండు ధార వస్తుంది. ఆ ధార వస్తూ ఉండగానే, అంటే మీట ఆడిస్తూనే, మర బిగించాలి. ఆపి బిగిస్తే ఆ సందులో మళ్లీ గాలి చొరబడుతుంది. కొన్నిసార్లు మీట ఎంత ఆడించినా వదులుగా ఊగుతుంది గాని డీజిలు రాదు. పంపు పాడైందని కంగారుపడనక్కర లేదు. లోపల దాన్ని తోసే క్యాము ఎత్తు మీద ఆగి ఉంటుంది. ఇంజనును ఒక చుట్టు తిప్పితే మీటకు పట్టు దొరుకుతుంది.

ఇక పెద్ద పంపు. దాని ఒంటి మీద ఒక మర, నెత్తిన గవర్నరు గూడు మీద ఒక మర ఉంటాయి. రెండూ వదులు చేసి మళ్లీ మీట ఆడించాలి. ముందు కిందిది నిండు ధార పోస్తే కిందిది, తర్వాత పైది బిగించాలి. గాలి పైకే పోతుంది కనుక పైది ఆఖరున. నాజిళ్ల వంతు వచ్చేసరికి చేతి మీట పనిచేయదు. అక్కడ పెద్ద పంపు బలమే కావాలి. మూడింటిలో రెండు నాజిళ్ల దగ్గర నట్లు వదులు చేసి, థ్రాటిలు పూర్తిగా తెరిచి, సెల్ఫు కొట్టాలి. నట్టు దగ్గర చిటపటమని నురగ వచ్చి, తర్వాత డీజిలు చిక్కగా ఉబుకుతుంది. అప్పుడు బిగించేయడమే. మూడోదాని సంగతి ఇంజను అందుకున్నాక తనే చూసుకుంటుంది. మొదట రెండు మూడు సిలిండర్లు దగ్గుతూ, తడబడుతూ, తెల్లని పొగ వదిలి, ఆపైన ఒక్కసారిగా గొంతు సరిపడుతుంది. ఆ చప్పుడు విన్న రైతు ముఖం చూడవలసినదే గాని చెబితే తెలిసేది కాదు.

హెచ్.ఎం.టి. వంటి కొన్ని బళ్లకు పెద్ద పంపు వేరే రకం. 1951లో బెంగళూరులో మొదలైన మైకో (2008 నుంచి దాని పేరు బాష్) పంపులు వాటిలో ఎక్కువ. వాటికి మీట బదులు, మర తిప్పి పైకి లేపి సైకిలు పంపులా కొట్టే గుండీ ఉంటుంది. కొట్టడం అయిన తర్వాత దాన్ని మళ్లీ బిగించడం మరిచిపోరాదు. పద్ధతి మాత్రం అదే: ఫిల్టరు, పంపు, నాజిళ్లు.

ఇంత చిన్న పనికి ఎందుకింత గొడవ జరుగుతుందని మీరు అడగవచ్చును. గోదావరి డెల్టాలో ఒక బంధువుల ఇంట నేను చూసిన వ్యవహారం చెబుతాను. దమ్ము రోజులు. కేజీ చక్రాలు తగిలించిన బండి బురద మడి నడుమ ఆగిపోయింది. డీజిలు తెచ్చి పోశారు. రైతు గట్టు మీద నుంచి కేక వేస్తున్నాడు.

"ఇంకోసారి కొట్టరా అబ్బాయ్! ఈసారి అందుకుంటాది!"

"బ్యాటరీ దిగిపోద్ది బాబాయ్! మెకానిక్కుని పిలుద్దాం!"

"వాడు సాయంత్రానికి గాని రాడు. నువ్వు కొట్టు!"

కుర్రవాడు కొట్టాడు. బ్యాటరీ దిగింది. వేరే ట్రాక్టరు తెచ్చి లాగించబోతే బురదలో అదీ దిగబడింది. ఇదంతా జరుగుతుంటే ఇంటావిడ క్యారేజీ పట్టుకుని వచ్చింది. ఆమె పుట్టింట్లో ఎప్పుడో డీజిలు ఇంజనుతో నీళ్లు తోడేవారట. "గాలి తీశారా?" అన్నది. ఎవరూ మాట్లాడలేదు. ఆమె క్యారేజీ గట్టున పెట్టి, చీర చెంగు దోపి, మీట ఆడించింది. కుర్రవాడు పానా పట్టుకున్నాడు. నురగ పోయి నిండు ధార రావడానికి పావుగంట పట్టలేదు. అయితే ఇంజను తిప్పడానికి బ్యాటరీలో చేవ మిగిలి ఉండవద్దూ? పక్క ఊరి నుంచి మరో బ్యాటరీ వచ్చేసరికి మధ్యాహ్నం రెండు దాటింది. కూలీలు నారుకట్టలు పక్కన పెట్టుకుని అప్పటిదాకా గట్టు మీదే కూర్చున్నారు. వాళ్ల కూలీ ఆగదు గదా.

సెల్ఫు కొడితే గాలి అసలు పోదా అంటే, పోతుంది. అదృష్టముంటే చాలాసేపటికి పోతుంది. ఈలోగా స్టార్టరు మోటారు వందల ఆంపియర్ల కరెంటు లాగేస్తుంది. దాని తీగలు కాలిపోతాయి. పది సెకన్లకు మించి ఒక్క బిగిన కొట్టరాదు, కొట్టినా మధ్య కొంతసేపు చల్లారనివ్వాలి. అన్నిటికంటె పెద్ద నష్టం పెద్ద పంపుకు. డి.పి.ఎ. పంపులో భాగాలకు నూనె వేరే లేదు. డీజిలే దాని నూనె. డీజిలు లేకుండా దాన్ని తిప్పడమంటే ఎండు రోలులో రోకలి తిప్పినట్టు.

గాలి పట్టిందో, మరొకటి జరిగిందో తెలుసుకోవడానికి ఒక సులువున్నది. సెల్ఫు కొట్టేటప్పుడు పొగగొట్టం వైపు చూడండి. పొగే రాకపోతే సిలిండర్లలోకి డీజిలు చేరడం లేదు. గాలి మీద అనుమానపడవచ్చును. తెల్లపొగ దట్టంగా వస్తూ అందుకోకపోతే, డీజిలు చేరుతున్నది గాని మండడం లేదు. దానికి వైద్యం వేరు.

ట్యాంకు ఎన్నడూ ఖాళీ చేయని ఇళ్లల్లో కూడా కొన్ని బళ్లకు రోజూ గాలి పడుతుంది. పొద్దున గాలి తీస్తారు, రెండు గంటలు దున్నుతుంది, మళ్లీ నత్తి కొట్టి ఆగుతుంది. అటువంటప్పుడు గాలి తీయడం వైద్యం కాదు. అది వస్తున్న సందు పట్టుకోవాలి. ఫిల్టరు మార్చినప్పుడు రబ్బరు వాషరు మెలికపడిందేమో, రాగి వాషరు పాతదే మళ్లీ వేశారేమో, రబ్బరు గొట్టం బీట వేసిందేమో చూడాలి. చిన్న పంపుకు అవతల, అంటే పెద్ద పంపు వైపు సందు ఉంటే డీజిలు బయటికి కారుతుంది, కంటికి కనిపిస్తుంది. చిన్న పంపుకు ఇవతల, ట్యాంకు వైపు ఉంటేనే చిక్కు. అక్కడ పంపు పీలుస్తూ ఉంటుంది కనుక డీజిలు బయటికి రావడానికి బదులు గాలి లోపలికి పోతుంది. కారే సందును ఎవరైనా పట్టుకోగలరు. పీల్చే సందును పట్టుకున్నవాడే మెకానిక్కు. అనుభవమున్నవాళ్లు ఆ భాగంలో కొంచెంసేపు పారదర్శకమైన ప్లాస్టిక్కు గొట్టం తగిలించి ఇంజను నడుపుతారు. బుడగలు ఎక్కడి నుంచి వస్తున్నాయో అద్దంలో చూసినట్టు కనిపిస్తుంది.

జాగ్రత్తలు రెండు చెప్పక తప్పదు. నాజిలు నట్లు వదులుగా ఉండగా ఇంజను హఠాత్తుగా అందుకోవచ్చును. ఫ్యాను దగ్గర చేతులు, చెంగులు, కండువాలు ఉండరాదు. ఇక నాజిలు చిమ్ముతున్నదో లేదో వేలు అడ్డం పెట్టి చూసే అలవాటు కొందరికున్నది. అది ఎంతమాత్రం తగదు. ఆ ఒత్తిడిలో డీజిలు చర్మాన్ని సూదిలా చీల్చుకుని లోపలికి పోతుంది. పైకి చీమ కుట్టినంత గాయమే. నొప్పి కూడా మొదట ఉండకపోవచ్చును. లోపల మాత్రం కండ కుళ్లి వేలు తీసేయవలసి రావచ్చును. అటువంటిది జరిగితే సాయంత్రం చూద్దామనకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకుపోయి, డీజిలు లోపలికి పోయిందని వైద్యుడితో స్పష్టంగా చెప్పాలి.

ఈ చెప్పినదంతా పాత బళ్ల ముచ్చట. ఇటీవలి ట్రాక్టర్లలో కామన్ రైలు పద్ధతి ఉన్నవాటి జోలికి పానా పట్టుకుని పోకండి. వాటి గొట్టాల్లో ఒత్తిడి పాతవాటికి ఎన్నో రెట్లు. వాటికి గాలి తీసే ఏర్పాటు కూడా వేరు. కాని మన ఊళ్లల్లో నలభై, యాభై ఏళ్లు నిండిన బళ్లు ఇంకా ఎన్నో దున్నుతూనే ఉన్నాయి. వాటికి కావలసిన సరంజామా పెద్దదేమీ కాదు: గాలి మరలకు సరిపడే పానా ఒకటి, నాజిలు నట్లకు సరిపడేది ఒకటి, డీజిలు పట్టుకోవడానికి ఒక డబ్బా, నూలు పీచు రాలని గుడ్డ, కొత్త రాగి వాషర్లు నాలుగు. ఇవి సీటు కింద పెట్టెలో ఉంటే చాలును. ఇంట్లో బీరువాలో ఉంటే మాత్రం లేనట్టే లెక్క, ఎందుకంటే బండి ఎప్పుడూ ఇంటి ముందు ఆగదు.